నీళ్లు పట్టే పొడి కొనేముందు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం నాయకురాలి ప్రసంగం)



ఈరోజు నేను హైడ్రోజెల్ గురించి మాట్లాడతాను. పేరు విని భయపడొద్దండి. ఎండాకాలం సబ్జా గింజలు నానబెట్టిన వాళ్లంతా హైడ్రోజెల్ చూసినవాళ్లే. కాసేపటికే గింజ చుట్టూ తెల్లగా జిగురు పొర వస్తుంది కదా. అందులో ఉన్నదంతా దాదాపు నీళ్లే. అయినా గింజను వేలి మీద పెట్టుకుంటే ఆ నీళ్లు జారిపోవు. అట్లా నీళ్లను తాగి, తాను కరిగిపోకుండా, వాటిని పట్టుకొని ఉండే జిగురునే హైడ్రోజెల్ అంటారు.

ఇది ఇప్పుడెందుకు అంటారేమో, చెప్తాను. పోయిన ఖరీఫ్‌కు ముందు మా గ్రామ సంఘం సమావేశానికి ఒకాయన సంచులు పట్టుకొని వచ్చినాడు. "ఈ పొడి వేస్తే వాన లేకపోయినా వేరుశనగ పండుతుంది. సంఘం అప్పు ఇస్తే అందరికీ తెప్పిస్తా" అన్నాడు. అక్కడికక్కడే నలుగురు సభ్యులు అప్పు అడిగినారు. వాళ్లది తప్పు కాదు. ఊడలు దిగే టైంలో వాన మొహం చాటేస్తే మన చేను ఏమవుతుందో మనకు తెలుసు. నేను ఒకటే అడిగినాను, ఇది దేనితో చేసినారు అని. "అంతా సహజమేనమ్మా" అన్నాడు. సంచి మీద చూస్తే ఏమీ రాసి లేదు. అప్పు విషయం వాయిదా వేసి మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం.

మా సంఘంలో ఒక అక్క కూతురు యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తా ఉంది. చెట్ల నుంచి, గింజల నుంచి వచ్చే పదార్థాలతో హైడ్రోజెల్ చేయడమే ఆ అమ్మాయి పరిశోధన. పండక్కి వచ్చినప్పుడు అందరం కూర్చోబెట్టుకొని అడిగినాం.

ఆ అమ్మాయి చెప్పింది ఇది. పాలిమర్ అంటే పూసల దండ లాంటి పొడవాటి గొలుసు. గంజిలోని పిండిపదార్థం, పత్తిలోని సెల్యులోజ్, గోరుచిక్కుడు గింజల బంక, చింతగింజల పిండి, మన్యంలో గిరిజన అక్కచెల్లెళ్లు తీసే తపసి బంక, రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్, ఇవన్నీ సహజ పాలిమర్లే. దారాలు విడివిడిగా ఉంటే నీళ్లలో కలిసిపోతాయి. వాటిని వల మాదిరిగా అక్కడక్కడా ముడివేస్తే, నీళ్లు లోపలికి వచ్చి వల ఉబ్బుతుంది, కానీ తెగిపోదు. ఆ ముడి వేయడానికి వాళ్లు వాడే వాటిలో నిమ్మ ఉప్పు కూడా ఒకటి. మన వంటల్లో వేసేదే. సెల్యులోజ్ లాంటి వాటితో కలిపి బాగా వేడి చేస్తే గొలుసుల మధ్య ముడులు పడతాయంట. ముడులు తక్కువైతే గంజిలా జారిపోతుంది. ఎక్కువైతే బిగుసుకుపోయి నీళ్లు తాగదు. ఆ కొలత పట్టుకోవడమే పని.

వాళ్లమ్మ మధ్యలో అడిగింది, "మూడేళ్లయింది, ఇంకా అయిపోలేదా?" అని. ఆ అమ్మాయి నవ్వి, "జిగురు చేయడం ఒకరోజు పనేనమ్మా. అది మట్టిలో ఎన్నాళ్లకు కరుగుతుందో చూడాలంటే మట్టిలో పూడ్చి, నెలనెలా తీసి తూకం వేయాల. మట్టి తొందరపడదు కదా" అంది.

నేను సంచి సంగతి చెప్తే, "సహజం అన్న మాటను నమ్మొద్దు పిన్నమ్మా, ఎంత భాగం సహజమో అడగండి" అంది. 1970ల్లో అమెరికాలో ప్రభుత్వ వ్యవసాయ పరిశోధకులు మొక్కజొన్న పిండితో ఇట్లాంటి పొడి చేసినారంట. తన బరువుకు వందల రెట్లు నీళ్లు తాగేది. కానీ ఆ పిండికి ఆక్రిలోనైట్రైల్ అనే కృత్రిమ పదార్థం అతికించినారు. అంటే సగమే సహజం. పిల్లల డైపర్లలో, చాలా రకాల ప్యాడ్లలో ఉండే పొడి పూర్తిగా కృత్రిమం. నీళ్లు బాగా పడుతుంది, కానీ మట్టిలో చాలా చాలా నెమ్మదిగా కరుగుతుంది. మొత్తం సహజ పదార్థాలతోనే చేస్తే మట్టిలో కలిసిపోతుంది, కానీ చాలాసార్లు నీళ్లు తక్కువ పడుతుంది, తొందరగా పాడవుతుంది. ఈ రెండింటి మధ్య దారి వెతకడమే ఆ అమ్మాయి పీహెచ్‌డీ.

ఇప్పుడు లెక్క చూద్దాం. లెక్కలు మనకు కొత్త కాదు కదా. ఢిల్లీలో భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు సెల్యులోజ్ ఆధారంగా పూసా హైడ్రోజెల్ అని ఒకటి చేసినారు. అది కూడా కృత్రిమ గొలుసులు అతికించినదే. హెక్టారుకు 2.5 నుంచి 5 కిలోలు వేయమంటారు. అంటే ఎకరాకు 1 నుంచి 2 కిలోలు. మంచి నీళ్లలో తన బరువుకు 350 రెట్లు పడుతుంది. 2 కిలోలు వేస్తే 700 లీటర్లు. బిందెకు 15 లీటర్లు అనుకుంటే 47 బిందెలు. ఎక్కువే అనిపిస్తుంది. కానీ ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన కురిస్తే 4,000 లీటర్ల పైన నీళ్లు. పొడి ఒకసారి పట్టేది అందులో ఆరో వంతే. అక్కల్లారా, ఈ పొడి బిందె లాంటిది, బావి కాదు. వాన పడితే నింపుకుంటుంది, ఆరితే వేరుకు ఇస్తుంది, మళ్లీ వాన పడితే మళ్లీ నింపుకుంటుంది. అందుకే చేనంతా చల్లకుండా విత్తనం సాలులో, వేరు దగ్గర పడేట్టు వేయాల. వాన లేకపోయినా పండుతుంది అన్నమాట మాత్రం అబద్ధం.

ఆ అమ్మాయి ముందే మేము పరీక్ష చేసినాం. మీరూ చేసుకోవచ్చు. కంసాలి త్రాసులో 1 గ్రాము పొడి తూచాల. లీటరు మంచినీళ్లలో వేసి రాత్రంతా ఉంచాల. పొద్దున పల్చని గుడ్డలో వడగట్టి, నీళ్లు కారడం ఆగినాక జిగురును తూచాల. 200 గ్రాములు వచ్చిందంటే, తన బరువుకు 199 రెట్లు పట్టినట్టు. ఇంకో గిన్నెలో మీ బోరు నీళ్లతో కూడా చేయండి. నీళ్లలో ఉప్పు ఎక్కువ ఉంటే పొడి ఉబ్బేది బాగా తగ్గిపోతుంది. మా ఊరి బోరు నీళ్లు ఉప్పన. ఆ గిన్నెలో జిగురు ఎంత తక్కువ వచ్చిందో చూసినాక, అప్పు అడిగిన నలుగురూ వాళ్లంతట వాళ్లే ఆగినారు.

అట్లని ఇది పనికిరాదని నేను చెప్పడం లేదు. పనికొచ్చేది కాబట్టే ఇంత చదువుకున్నవాళ్లు ఏళ్లు పెడుతున్నారు. కానీ పొదుపు డబ్బు మన కష్టం. ఎవరైనా ఇట్లాంటి పొడి తెస్తే నాలుగు మాటలు అడగండి. దేనితో చేసినారు? ఎకరాకు ఎంత, ఎక్కడ వేయాల? మా నీళ్లలో ఎన్ని రెట్లు పడుతుంది? మట్టిలో ఎన్నాళ్లు ఉంటుంది? జవాబు కాగితం మీద ఇవ్వమనండి. మాటతో చెప్పేది మినిట్స్ పుస్తకానికి పనికిరాదు.

మా గ్రామ సంఘం ఇట్లా తీర్మానం చేసింది. వచ్చే ఖరీఫ్‌లో ఇద్దరు సభ్యుల చేలల్లో 10 సెంట్లలో పొడి వేస్తాం, దాని పక్కనే 10 సెంట్లు వేయకుండా వదిలేస్తాం. ఎకరా లెక్కన 10 సెంట్లకు 100 నుంచి 200 గ్రాములు చాలు. విత్తనం, ఎరువు రెండింటికీ ఒకటే. కాయలు ఎండినాక రెండూ వేరువేరుగా తూస్తాం. ఎక్కువ వచ్చిన కాయల ధర పొడి ఖర్చుకు మించితేనే అప్పు గురించి మాట్లాడతాం. మిగతా గ్రామ సంఘాలు కూడా ఒక్కో చేనులో ఇట్లా చేస్తే, వచ్చే మహాసభకు మన మండలం లెక్క మన చేతిలో ఉంటుంది. సమాఖ్య దీన్ని అజెండాలో పెట్టాలని కోరుతున్నాను.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. చదువుకు వెళ్లిన ఆడపిల్లలు ఇంటికొచ్చినప్పుడు పెళ్లెప్పుడు అని అడిగే ముందు, ఏం చదువుతున్నావు, మాకూ చెప్పు అని అడుగుదాం. ఈసారి అట్లా అడిగినందుకే నలుగురి అప్పు మిగిలింది.