వాకిట పరిచయము

పెద్ద సంస్థలో ఉద్యోగి ఉదయమున కంప్యూటరు ముందు కూర్చుండి తన పేరును, పాస్‌వర్డును ఒక్క పర్యాయము చెప్పుకొనును. అటుపిమ్మట ఉత్తరములు, దస్త్రములు, ముద్రణయంత్రము అన్నియు అతనిని ఎఱిగినట్లే మెలగును. అందఱి పేర్లను ఒక్కచోట భద్రపఱచి, అందఱి పక్షమునను సాక్ష్యము పలుకు ఈ ఏర్పాటునకు డొమైను అని పేరు. మైక్రోసాఫ్టువారు 2000వ సంవత్సరమున వెలువరించిన యాక్టివ్ డైరెక్టరీ ఇట్టి వానిలో మిక్కిలి వ్యాప్తి చెందినది.

అయితే తఱచుగా కార్యాలయమున ఏదో ఒక మూల ఈ కుటుంబమున చేరని సర్వరు ఒకటి ఉండును. లెక్కలకో కొలతలకో ఎవరో ఎప్పుడో నెలకొల్పినది. దాని పేర్ల పట్టిక దానిదే. నేను పనిచేసిన ఒకచోట ఇట్టిది ఉండెను. ఒక ఉద్యోగి మానుకొని వెళ్లిన నాడే డొమైనులో ఆయన పేరు రద్దయినది. ఈ సర్వరులో మాత్రము రెండేండ్లు చెక్కుచెదరక నిలిచియుండెను. ఆయన పెద్దమనిషి కనుక సరిపోయినది గాని, అన్నినాళ్లును మా వాకిలి తెఱచియే ఉన్నది.

ఆ సర్వరు తన పట్టికను విడిచి డొమైనునే అడుగరాదా? అడుగవచ్చును. అందఱికిని తోచు సులభమార్గమేమనగా, వచ్చినవాని పాస్‌వర్డు పుచ్చుకొని, డొమైనునకు చూపి, ఔననినచో లోనికి విడుచుట. ఎల్‌డ్యాప్ పద్ధతిని పెక్కుచోట్ల జరుగునది ఇదియే. పని జరుగును, కాని ఊరివారి తాళపుచెవులన్నియు ఆ మూలనున్న యంత్రము చేతిమీదుగా పోవును. దానిని ఎవడైన వశపఱచుకొన్నచో నష్టము దానితో ఆగదు.

అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు 1983లో ఆరంభించిన అథీనా ప్రణాళికయందు దీనికి విరుగుడు పుట్టినది. దాని పేరు కెర్బెరోస్. గ్రీకు పురాణమున మృత్యులోక ద్వారమును కాచు మూడు తలల కుక్క అది. మన యముని కుక్కలకు ఒక్కొక్కదానికి నాలుగేసి కన్నులు. ఈ పనికి అవియే ఎక్కువ తగియుండెడివేమో!

ఈ పద్ధతిలో పాస్‌వర్డు సర్వరును చేరనే చేరదు. ఉద్యోగి డొమైను నుండి ఒక టిక్కెట్టు తెచ్చును. సర్వరునకును డొమైనునకును మాత్రమే తెలిసిన రహస్యముతో అది ముద్రింపబడియుండును. సర్వరు దానిని తానే విప్పి చూచుకొనును. టిక్కెట్టునకు ఆయువు కలదు. యాక్టివ్ డైరెక్టరీలో మామూలుగా 10 గంటలు. ఇరువురి గడియారములకును 5 నిమిషములకు మించి తేడా ఉన్నచో ఎంత నిజమైన టిక్కెట్టైనను సాధారణముగా చెల్లదు.

వినుచున్నవారిలో ఇట్టి యంత్రములను చూచుకొనువారున్నచో ఒక్క మాట. సర్వరునకు ఆ రహస్యమును సంపాదించి పెట్టుట శ్రమయని, కొందఱు వచ్చినవాని పాస్‌వర్డుతో టిక్కెట్టు లభించినదా లేదా అని మాత్రము చూచి సరిపెట్టుకొందురు. బదులిచ్చినది నిజమైన డొమైనేనా? దారిలో పొంచియున్న వంచకుడు తానే డొమైనునని నటించి, తాను కల్పించిన పాస్‌వర్డునకు తానే టిక్కెట్టు ఈయగలడు. సీత సన్న్యాసి వేషమును నమ్మి మోసపోయినది. హనుమంతుని విషయమున రాముని ఉంగరము కావలసివచ్చినది. సర్వరులో కీట్యాబ్ అను చిన్న దస్త్రము ఆ ఉంగరము వంటిది. అది ఉన్నచో సర్వరు తనకే ఒక టిక్కెట్టు అడిగించి, విప్పి చూచుకొనవచ్చును. రహస్యము తెలియని వంచకుడు దానిని కల్పింపలేడు. ఆ దస్త్రమును నిర్వాహకుడు తప్ప అన్యులు చదువకుండ కాపాడుకొనవలెను.

వచ్చినవాడు ఎవడో తెలిసినంతమాత్రమున వానికి ప్రవేశము ఉన్నదని కాదు. ఎవరిని రానీయవలెనో ఆ నిర్ణయము సర్వరుదే. మా కార్యాలయమున ఈ మార్పునకు ఒక సాయంకాలము పట్టినది. అందు సగము గడియారము సరిచేయుటకే చెల్లిపోయినది.