స్మార్ట్ మీటరు మిగిల్చేది ఎవరి ఖాతాలోకి?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ఈ సంవత్సరం మన మీటింగుల్లో అప్పుల తర్వాత ఎక్కువ మాట్లాడుకున్నది కరెంటు మీటర్ల గురించే. "అది పెడితే బిల్లు డబులవుద్దంట" అని ఒకరంటే, "కాదు, డబ్బులు మిగులుతాయంట" అని ఇంకొకరు. మిగులుతాయి అనే మాట వినగానే సంఘం మనిషికి వచ్చే ప్రశ్న ఒక్కటే కదా. మిగిలింది ఎవరి ఖాతాలో జమ అవుతుంది? నేను తెలుసుకున్నంత వరకు లెక్క చెప్తాను.

ముందు కరెంటు కంపెనీ వైపు చూద్దాం. డిస్కం కరెంటు కొని మనకు అమ్ముతుంది. 2020-21లో దేశం మొత్తం మీద 100 రూపాయల కరెంటులో సుమారు 22 రూపాయలు డిస్కంలకు చేరలేదు. కొంత వైర్లలో పోతుంది, కొంత దొంగతనం, కొంత కట్టని బిల్లులు. అందుకని 2021లో కేంద్రం ఆర్‌డీఎస్‌ఎస్ అనే పథకం తెచ్చి, 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలని, ఈ నష్టాన్ని 12 నుంచి 15 శాతానికి దించాలని అనుకుంది.

ఈ మీటరు రీడింగు తనంతట తానే ఆఫీసుకి పోతుంది. రీడింగు తీసే మనిషి ఇంటింటికీ తిరగక్కర్లేదు, కనెక్షన్ పీకడానికి లైన్‌మాన్ స్తంభం ఎక్కక్కర్లేదు. ఇవి చిన్న మిగుళ్లు. పెద్ద మిగులు ఎక్కడంటే, ట్రాన్స్‌ఫార్మర్‌కి కూడా మీటరు పెడతారు. దాని నుంచి ఎన్ని యూనిట్లు దిగాయి, దాని కింద ఇళ్లన్నిటి లెక్క ఎంత వచ్చింది అని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బయటపడుతుంది. మన బుక్‌కీపర్ సంఘం పుస్తకాన్ని, బ్యాంకు పాస్‌బుక్‌ని పక్కపక్కన పెట్టి చూసినట్టే.

ఇంకోటి, ప్రీపెయిడ్. ఇప్పుడు మనం నెలంతా వాడుకుని తర్వాత కడుతున్నాం. అంటే ఒక నెల అప్పు మీద నడుస్తున్నాం. ప్రీపెయిడ్‌లో ముందు మన డబ్బు వాళ్ల దగ్గర ఉంటుంది, తర్వాత మనం వాడుకుంటాం. వడ్డీ లెక్కలు రోజూ చూసే మీకు ఇందులో ఎవరికి లాభమో నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి కంపెనీకి మిగులు ఉంది. ఖర్చు కూడా ఉంది. మనలాంటి రాష్ట్రాల్లో మీటరు ఖర్చులో కేంద్రం ఇచ్చేది 15 శాతం, అదీ 900 రూపాయలకు మించదు. మిగతాది మీటర్లు పెట్టే ప్రైవేటు కంపెనీ ముందు పెట్టుబడి పెడితే, డిస్కం దానికి నెలనెలా ఏళ్ల తరబడి కడుతుంది. మీ గుమ్మం దగ్గర ఒక్క రూపాయి అడగరు, నిజమే. కానీ ఉచితం అనుకోకండి. డిస్కం పెట్టే ప్రతి ఖర్చూ విద్యుత్ నియంత్రణ మండలి ముందుకు పోతుంది, అక్కడి నుంచి మన రేట్లలోకి వస్తుంది. కరెంటు దొంగతనం ఎక్కువ ఉన్నచోట మీటరు ఖర్చు తొందరగా రాబడుతుంది. నెలకు 60 యూనిట్లు కాల్చి, గడువులోపు బిల్లు కట్టే మన అక్క ఇంట్లో పట్టుకోవడానికి ఏముంది? అక్కడ ఆ మీటరు పెట్టుబడి ఎప్పటికి తిరిగొస్తుందో నాకైతే అనుమానమే.

ఇప్పుడు మన ఇంటి లెక్క. మన రేట్లు స్లాబులు. మొదటి 30 యూనిట్లు రూపాయి 90 పైసలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు నాలుగున్నర, 225 వరకు 6 రూపాయలు. 140 యూనిట్లు కాలితే కరెంటు చార్జీ 507 రూపాయలు. 120కి దిగితే 394 రూపాయల 50 పైసలు. అంటే ఆఖరి 20 యూనిట్లు తగ్గించుకుంటే 112 రూపాయలు మిగిలినట్టు. మరి ఆ 20 యూనిట్లు మీటరు తగ్గిస్తుందా? తగ్గించదు. మీటరు చూపిస్తుంది, అంతే. బ్రిటన్‌లో పదేళ్లకు పైగా ఈ మీటర్లు పెడుతున్నారు, ఎంత కాలుతుందో చూసుకోవడానికి ఇంట్లో చిన్న తెర కూడా ఇస్తారు. అక్కడి ప్రభుత్వ అంచనా ప్రకారం కూడా ఇళ్లలో కరెంటు వాడకం తగ్గేది సుమారు 3 శాతం. మన 120 యూనిట్లలో 3 శాతం అంటే నాలుగు యూనిట్లు కూడా కాదు, 16 రూపాయలు. టీ ఖర్చు.

నిజంగా తగ్గేది ఎక్కడంటే ఫ్యాన్ దగ్గర. పాత ఫ్యాన్ 75 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్ల దాకా అవుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ 28 వాట్లతో తిరుగుతుంది, నెలకు 13 యూనిట్లలోపే. ఒక్క ఫ్యాన్ మారిస్తే ఆ 20 యూనిట్లు వచ్చేశాయి, ఏ మీటరు ఉన్నా సరే. మీటరుతో పనికొచ్చేది ఒకటుంది, కాదనను. 200 యూనిట్ల వరకు ఉచితం వర్తించే ఎస్సీ, ఎస్టీ అక్కలు నెల మధ్యలోనే ఎన్ని యూనిట్లయ్యాయో ఫోన్లో చూసుకుని జాగ్రత్త పడొచ్చు.

అయితే కొన్ని చిక్కులు ఉన్నాయి. టిఫిన్ హోటల్ నడిపే మన సభ్యురాలికి మీటరు మార్చాక, లోడు ఎక్కువ వాడుతున్నావని మెసేజి వచ్చింది. గ్రైండరు, ఫ్రిజ్ ఒకేసారి నడిస్తే పాత మీటరు చూసినవాళ్లు లేరు, కొత్తది రాసిపెడుతుంది. 2023లో కేంద్రం నిబంధన మార్చింది. స్మార్ట్ మీటరు పెట్టకముందు కాలానికి ఎక్కువ లోడు పేరుతో జరిమానా వేయకూడదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎవరైనా వెనక నెలల లెక్క తీస్తే అడగండి.

మీటరు స్పీడుగా తిరుగుతోందనే గొడవ మన దగ్గరే కాదు. 2024 మే నెలలో గుజరాత్‌లో వడోదర జనం బ్యాలెన్సు ఊరికే అయిపోతోందని ఆఫీసుల ముందు కూర్చున్నారు. దీనికీ నిబంధన ఉంది. రీడింగు మీద ఫిర్యాదు ఇస్తే 5 రోజుల్లోపు పక్కన ఇంకో మీటరు పెట్టాలి, కనీసం 3 నెలలు రెండూ సరిచూడాలి. నోటితో చెబితే కుదరదు. సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్‌కి కాగితం రాసివ్వండి, 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి.

ప్రీపెయిడ్ వస్తే నాకు భయం వేసేది వేరే. ఇప్పుడు బిల్లు కట్టకపోతే చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు ఇచ్చాకే కరెంటు తీయాలి. ప్రీపెయిడ్‌లో బ్యాలెన్సు అయిపోతే ఆ వెసులుబాటు ఉండదు. కూలి డబ్బులు వారానికో పది రోజులకో పడే ఇంట్లో, పరీక్షలకు చదివే పిల్ల ఉంటే? దానికి బదులు మనకు రావాల్సింది ఒకటుంది. ప్రీపెయిడ్ మీటరు ఒప్పుకున్న ఇంటి నుంచి సెక్యూరిటీ డిపాజిట్ అడగడానికి చట్టంలో వీల్లేదు. ఇంతకుముందు కట్టిన డిపాజిట్ సంగతి అడిగి తేల్చుకోవాలి.

ఇంకా ముఖ్యమైనది ఫోన్ నంబరు. మొన్న మా గ్రామ సంఘంలో అందరి కరెంటు బిల్లులు తెప్పించి చూశాం. చాలా కనెక్షన్లు మామగారి పేరు మీదో, పోయినవాళ్ల పేరు మీదో ఉన్నాయి. ఫోన్ నంబరు హైదరాబాద్‌లో పనిచేసే భర్తదో, కొడుకుదో. బ్యాలెన్సు అయిపోతోందని మెసేజి అక్కడికి పోతే, ఇంట్లో చీకటి పడేది మనకి! మీటరు చూసుకుని పొదుపు చేసుకోమని చెప్తారు, చూసుకునే ఫోన్ మన చేతిలో లేకపోతే ఏం చూస్తాం?

టైముని బట్టి రేటు అనే మాట కూడా వస్తోంది. కేంద్ర నిబంధన ప్రకారం ఎండ ఉన్న పగటి గంటల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ, వాడకం ఎక్కువ ఉండే గంటల్లో ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. పగలు పిండి రుబ్బుకోండి, మోటరు వేసుకోండి అంటారు. పగలు మనం ఇంట్లో ఉంటే కదా! పొలం నుంచి, పనుల నుంచి వచ్చేది సాయంత్రమే, వంట అప్పుడే, మిక్సీ అప్పుడే. దీనివల్ల పగలు ఇంట్లో మనిషి ఉండేవాళ్లకు మిగులుతుంది, కూలికి పోయేవాళ్లకు పెరుగుతుంది. మన ఇళ్లకు ఇది ఎలా వర్తించాలో ఆర్డరు ఇచ్చేది రాష్ట్ర నియంత్రణ మండలే కాబట్టి ఈ మాట అక్కడ చెప్పాలి.

ఏప్రిల్ 1 నుంచి కొత్త రేట్లు పెట్టే ముందు మండలి ప్రజల అభిప్రాయం వింటుంది. ఎవరైనా రాసివ్వొచ్చు. ఈసారి మన సమాఖ్య తరఫున కాగితం పెడదామని ప్రతిపాదిస్తున్నాను. అందులో రెండు ప్రశ్నలు చాలు. మీటర్లకు నెలనెలా ఎంత కడుతున్నారు, మీటర్ల వల్ల ఎంత నష్టం తగ్గింది, రెండూ పక్కపక్కన చూపించండి అని. తగ్గిన దాంట్లో మా రేట్లలో ఎంత తగ్గిస్తారు అని.

వచ్చే నెల గ్రామ సంఘం మీటింగ్‌కి ప్రతి సభ్యురాలూ కరెంటు బిల్లు తెచ్చుకోండి. ఎవరి పేరు, ఏ నంబరు, ఎంత లోడు, ఎంత డిపాజిట్ అనేది బుక్‌కీపర్ రాసుకుంటుంది. నంబరు మార్చాల్సిన వాళ్లు ఆధార్, ఫోన్ కూడా పట్టుకురండి. అదే రోజు అందరం కలిసి సచివాలయానికి పోదాం.