వెట్పాలై తైలము – సోరియాసిస్

ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే అంకుడు కర్ర తెలుగువారికి పరిచితమే. వెంబకోట్టై ప్రాంతపు తమిళులు ఆ చెట్టునే వెట్పాలై అంటారు. దాని ఆకులను కొబ్బరినూనెలో వేసి కొన్ని రోజులు ఎండలో ఉంచితే నూనె ఊదారంగుకు తిరుగుతుంది. సిద్ధ వైద్యులు ఆ తైలాన్ని సోరియాసిస్‌కు పైపూతగా వాడుతారు.

సోరియాసిస్ అంటువ్యాధి కాదు. శరీర రక్షణ వ్యవస్థ అదుపు తప్పినందువలన చర్మకణాలు అతివేగంగా పెరిగి, ఎర్రని మచ్చలపై పొలుసులు కడతాయి. అంకుడాకులో ఇండిరుబిన్ అనే పదార్థమున్నట్లు పరిశోధకులు గుర్తించారు. నీలిమందులోనూ ఉండే ఈ పదార్థం కణాల అతివృద్ధిని తగ్గిస్తుంది. చైనా సంప్రదాయ వైద్యంలోని నీలిమందు లేపనాన్ని తైవాన్‌లో 42 మంది రోగులపై 12 వారాలు పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. మందు లేని లేపనం పూసిన చోటికంటే మందు పూసినచోట మచ్చలు బాగా తగ్గాయి.

అయితే ఆ మొక్క వేరు, ఆ లేపనం వేరు. ఆ ఫలితాన్ని వెట్పాలై తైలానికి యథాతథంగా అన్వయించరాదు. తైలం వాడదలచినవారు ముందుగా చర్మవైద్యునికి తెలుపవలెను. వైద్యుడు ఇచ్చిన స్టెరాయిడ్ మందులను తమంతట తాము హఠాత్తుగా మానరాదు. మానినచో వ్యాధి మరింత ఉధృతం కావచ్చు. తయారీదారు పేరు, చిరునామా లేని మూలికా లేపనాలను కొనరాదు. వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు.