పెత్రమాస గుమ్మడి

అక్టోబరు 31వ తేదీ రాత్రి అమెరికా వీధులలో పిల్లలు దయ్యముల వేషములు ధరించి, ఇంటింటి తలుపు తట్టి మిఠాయిలు పుచ్చుకొందురు. గుమ్మడికాయను తొలిచి, కన్నులు, పళ్లు చెక్కి, లోపల దీపముంచి గడపముందు నిలుపుదురు. ఈ పండుగకు హాలోవీన్ అని పేరు. దీని మూలము ఐర్లండు, స్కాట్లండు ప్రాంతముల ప్రాచీన కెల్టు జనుల పండుగలో నున్నదని పలువురు చెప్పుదురు. పంటకాలము ముగిసి చలికాలము ప్రవేశించు ఆ రాత్రి మృతులు తిరిగి వచ్చెదరని వారి నమ్మకము. ఐర్లండులో తొలుత టర్నిప్ దుంపలను తొలుచుచుండిరి. అమెరికాకు వలసపోయినవారికి అచ్చట గుమ్మడి సులభముగా దొరకుటచే దుంప స్థానమును గుమ్మడి ఆక్రమించినది. అచ్చట స్థిరపడిన మన తెలుగువారి పిల్లలును నేడు ఈ వేషములు వేయుచున్నారు. అట్టి బాలిక యొకతె, “మీ చిన్నప్పుడు హాలోవీన్ ఉండేదా తాతా?” అని నన్నడిగినది. ఉండెననియే చెప్పితిని. దాని పేరు పెత్రమాస.

నా బాల్యము నాదర్‌గుల్‌లో గడచినది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ దాటి ఇండ్ల వరుసలు నేడు అచ్చటివరకు సాగినవి గాని, 1960 దశకములో అది చేల నడుమ నొదిగిన పల్లె. భాద్రపద బహుళ అమావాస్యను పండితులు మహాలయ అమావాస్య యందురు. పితృ అమావాస్య యను మాట జనుల నోట నలిగి పెత్రమాస యైనది. కెల్టులవలె మేమును ఆనాడు మృతులు వత్తురనియే నమ్ముచుంటిమి. అయితే భయపడి వేషము మార్చుకొనుట లేదు. వండి పెట్టి పిలుచుటయే. మోదుగ విస్తరిలో అన్నము వడ్డించి ఇంటి కప్పుపై నుంచి, కాకికొరకు ఎదురు చూచుచుంటిమి. కాకి ఆలస్యము చేసినచో, పోయినవారికి ఏమి కోపము వచ్చినదో యని పెద్దలు గుసగుసలాడుచుండిరి. పిల్లలకు మాత్రము గారెలు చల్లారుచున్నవన్న బాధ యొక్కటే.

భయమునకు వేరొక స్థానము గలదు. కొత్త ఇండ్ల ముంగిట బూడిదగుమ్మడికాయ వ్రేలాడుచుండెను. దానిపై గ్రుడ్లు తేలవేసిన కన్నులు, మెలిదిరిగిన మీసములు, కోరలు చిత్రించుచుండిరి. దిష్టి తగులకుండుటకు అట్లు కట్టుదురు. ఎండినదానిని అమావాస్యనాడు తీసి కొత్తది కట్టుట వాడుక. చీకటిపడిన పిదప ఆ గుమ్మమువైపు చూడక పరుగెత్తుచుంటిని. దీపమొక్కటి లేదుగాని అమెరికా గుమ్మడికి ఇది అన్నయే!

తాత గతించి ఏడాది నిండిన పిదప వచ్చిన తొలి పెత్రమాస నాకు బాగుగా జ్ఞాపకమున్నది. ఆనాడు పెద్దల పేరిట బియ్యమిచ్చుట ఆచారము. చేటలో బియ్యము, పప్పు, చింతపండు, ఉప్పు, మిరపకాయలు, కాయగూరలు పెట్టి నాయన కూర్చుండెను. అయ్యగారు ఒక్కొక్కరి పేరు అడుగుచుండిరి. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు తడబాటు లేక చెప్పెను. “నీ తాత భార్య పేరేమి?” అనగా నాయన ఆగిపోయెను. ఆమెది బాలాపూర్. ఊరెల్ల ఆమెను బాలాపురామె యనియే పిలిచినది. కోడండ్రకు పుట్టినూరే పేరగుట మా వైపు వాడుక. నాయనమ్మను అడిగితిమి. “అత్తను అత్త అనుడే గాని పేరు పెట్టి ఎన్నడన్న పిలిస్తినా?” అన్నది. అటుకపై నున్న భూమి కాగితములలో మగవారి పేర్లే యున్నవి. అయ్యగారు దర్భ చేతబట్టి మౌనముగా నుండిరి.

అప్పుడు పెరటి వాకిటినుండి మాట వినవచ్చెను. అది నాయన మేనత్త కంఠము. బతుకమ్మ ఆడుటకు ఆమె ముందునాడే పుట్టింటికి వచ్చినది. తొమ్మిది దినముల బతుకమ్మ పెత్రమాసనాడే ఎంగిలిపూల బతుకమ్మతో ఆరంభమగునుగదా! ముందునాడు కోసి నిలువయుంచిన పూలగుటచే ఎంగిలిపూలన్నారని కొందరందురు. ఒడినిండ గునుగుపూలతో నున్న ఆమె తల యెత్తకుండగనే, “మా అమ్మకు మన ఊరి పోశమ్మ తల్లి పేరే పెట్టిండ్రు, బిడ్డా” అన్నది. నాయన ఆ పేరు చెప్పి నీళ్లు విడిచెను. ఇంటి కొడుకులకు తెలియని పేరు, పరాయి ఇంటికి పంపిన ఆడపడుచు నోట మిగిలియుండెను.

సాయంకాలము ఆమె పెరటి పాదునుండి గుమ్మడాకులు తెచ్చి పళ్లెరమున పరచి, తంగేడు, గునుగు, బంతి వరుసగా పేర్చినది. గుమ్మడిపూవు నడిమి బొడిపెను గౌరమ్మగా శిఖరమున నిలిపినది. నేడు బతుకమ్మ తెలంగాణమునకు రాష్ట్ర పండుగ. 2014లో ఆ గౌరవము దక్కినది. విద్యుద్దీపములు, వేదికలు వచ్చినవి. ఆనాడు మా గుడిముందు రెండు కందిళ్లు మాత్రమే యుండెను.

ఆట ముగిసి అందరును ఇల్లు చేరిన తరువాత నాయన పంచాంగమును, పెన్సిలును తీసికొని మేనత్త ప్రక్కన కూర్చుండెను. ఆమె తన తల్లి పేరు మరల చెప్పినది, తల్లి తల్లి పేరు చెప్పినది, మూడేండ్లకే పోయిన తన చెల్లెలి పేరు చెప్పినది. నాయన అట్ట లోపలివైపున వానిని వ్రాసెను. మొత్తము ఏడు పేర్లు. అన్నియు ఆడవారివే.