నిర్దోషికి నష్టపరిహారం



చేయని నేరానికి జైలుపాలైన మనిషి నిర్దోషిగా ఇంటికి వస్తే, పోయిన ఏళ్లకు సర్కారు పరిహారం ఇస్తుందా? ఈ సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం.

బీహారులో రుదుల్ సా అనే ఖైదీని సెషన్స్ కోర్టు 1968 జూన్‌లో నిర్దోషిగా తేల్చింది. కాని ఆయన జైలు నుంచి బయటపడింది 1982 అక్టోబరులో! 1983లో సుప్రీంకోర్టు, అప్పటికే ఇచ్చిన 5,000 రూపాయలకు అదనంగా మరో 30,000 ఇప్పించింది. సివిల్ దావా వేసుకునే హక్కునూ ఆయనకు ఉంచింది. 1993లో ఒడిశాకు చెందిన నీలాబతి బెహరా కేసులో, పోలీసు నిర్బంధంలో కొడుకును పోగొట్టుకున్న ఆ తల్లికి 1,50,000 రూపాయలు ఇప్పించింది.

అయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. కేసు కొట్టేసినంత మాత్రాన పరిహారం రాదు. నిర్బంధమే చట్టవిరుద్ధమనో, దురుద్దేశంతో కేసు పెట్టారనో రుజువు కావాలి. పరిహారానికి చట్టంలో ప్రత్యేక నిబంధనలు చేర్చాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ నిబంధనలు ఇంకా రాలేదు.

మరి దారులేమిటి? మొదటిది, రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్. రెండోది సివిల్ దావా. దీనికి గడువు ఒక్క ఏడాదే. అక్రమ నిర్బంధానికైతే విడుదలైన నాటి నుంచి, దురుద్దేశపు కేసుకైతే నిర్దోషిగా తేలిన నాటి నుంచి లెక్క. బెయిలుపై వచ్చి, కేసు తేలేదాకా ఊరుకున్నవారికి మొదటి గడువు దాటిపోవచ్చు. మూడోది జాతీయ మానవ హక్కుల కమిషన్. ఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి. రుసుము లేదు. కమిషన్ సిఫారసు మాత్రమే చేయగలదు.

మీరు కోలారులో ఉన్నా, హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా ఆ ఫిర్యాదును తెలుగులోనే రాసుకోవచ్చు. మన భాష ఎనిమిదో షెడ్యూలులో ఉంది కదా!

వకీలుకు డబ్బు లేదని వెనుకాడకండి. జిల్లా న్యాయసేవా సంస్థను అడగండి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సాయం అందుతుంది. తీర్పు నకలు, రిమాండు ఉత్తర్వులు, జైలు విడుదల కాగితం భద్రంగా దాచుకోండి. రేపు మీ తరఫున మాట్లాడేవి అవే.