ఆలస్యపు కాన్పు – పంచాయతీ బాధ్యత
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ముప్పదియైదేండ్లు దాటిన తల్లికి కలుగు కాన్పును గూర్చి నేడు మీతో ముచ్చటింప దలచితిమి. ఇది ఆడవారి సంగతి గదా, పంచాయతీకేమి సంబంధమని కొందరనుకొనవచ్చును. సంబంధము కలదు, అది యెట్లో మనవి చేసెదము.

ఇట్టి కాన్పులు దేశమంతటను ఒకే కారణమున కలుగుట లేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఒక్కొక్క స్త్రీకి బీహారులో సగటున 3.0, మేఘాలయలో 2.9 బిడ్డలు కాగా, కేరళ, తెలంగాణలలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7 మాత్రమే. బీహారు వంటి చోట్ల పెద్ద వయసు తల్లి కనునది తరచు నాలుగవ బిడ్డ, ఐదవ బిడ్డ. కేరళలోను, పెద్ద పట్టణములలోను చదువు, ఉద్యోగము, ఆలస్యపు వివాహము కారణముగా ఆ వయసున మొదటి బిడ్డయో, రెండవ బిడ్డయో కలుగుచున్నది.

మన తీరు వేరు. ఆ సర్వేలోనే 20–24 ఏండ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకమునుపే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది. కేరళలో 6 గురు. చిన్ననాటనే పెండ్లి, ఇరువురు బిడ్డలు, ఆపైన ఆపరేషను – ఇది మన ఆనవాయితీ. కావున ఆలస్యపు కాన్పు మన పల్లెలలో అరుదు. అరుదగుటచేతనే సిగ్గుపడవలసిన సంగతియైనది. "కోడలు వచ్చిన యింట అత్త నీళ్లోసుకొన్నదట" అని నలుగురు నవ్వుదురను భయమున ఆ తల్లి ఐదారు నెలలు ఎవరికిని చెప్పదు.

ప్రమాదమంతయు ఈ దాపరికములోనే యున్నది. వయసుతో రక్తపోటు, మధుమేహము పొంచియుండును. పలు కాన్పులైన తల్లికి ప్రసవానంతరము గర్భసంచి సరిగా ముడుచుకొనక రక్తస్రావము కావచ్చును. డౌన్ సిండ్రోము గల బిడ్డ పుట్టు అవకాశము తల్లికి నలుబదేండ్లు వచ్చుసరికి సుమారు నూటికి ఒకటి. దానిని ముందుగా తెలుపు పరీక్షలు తొలి నెలలలోనే చేయవలెను.

అయినను భయపడ నక్కరలేదు. 2018–20లో లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు అస్సాములో 195, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43 కాగా, ఆలస్యముగా తల్లులగువారు ఎక్కువగానే యున్న కేరళలో 19 మాత్రమే. వయసుకంటె సంరక్షణయే ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

మీరు చేయవలసినవి మూడు. ఒకటి, గర్భము పన్నెండు వారములు దాటకమునుపే ఆశా కార్యకర్తద్వారా, రచ్చబండ కెక్కకుండ, పేరు నమోదు చేయించుడు. రెండు, 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతి నెల 9వ తేదీన జరుగు ఉచిత పరీక్షలకు ఆమె వెళ్లునట్లు వాహనము కుదుర్చుడు. మూడు, రక్తదాతల పేర్లు వ్రాసియుంచుడు. ఏజెన్సీ గ్రామములందు వాగులు పొంగకమునుపే గర్భిణిని ఆసుపత్రి దరికి చేర్చవలెను.

అన్నిటికంటె ముందు, నవ్వెడివారిని వారింపుడు. పెద్దమనుషులు ఒక్కమాట యన్నచో ఆ నవ్వు ఆగును. ఒక తల్లి ధైర్యముగా ఆసుపత్రి గడప తొక్కును. ఇదియే మా మనవి.