కాల్చినోళ్లు ఒకరు, రాయి మోసుకపోయింది ఇంకొకరు



కోట చరిత్ర చెప్పమంటే నిలబడ్డ బురుజులు, దర్వాజలు చూపెట్టి చెప్తరు. నేను చెప్పేది లేని కోట ముచ్చట.

దక్షిణ జర్మనీలో స్వాబియా అని ఒక ప్రాంతం. అక్కడ గ్యోపింగెన్ పట్నం పక్కన హోహెన్‌స్టౌఫెన్ అనే ఒంటరి గుట్ట. సముద్రమట్టానికి 684 మీటర్ల ఎత్తు. 1070 ప్రాంతంలో ఫ్రెడరిక్ అనే దొర దాని నెత్తి మీద కోట కట్టిండు. 1079లో స్వాబియాకు డ్యూక్ అయిండు. గుట్ట పేరే ఆయన వంశం పేరైంది.

ఆ ఇంట్ల పుట్టిన ఫ్రెడరిక్ బార్బరోసా 1155లో చక్రవర్తి అయిండు. అయితే ఆయన ఈ కోటకు వచ్చినట్టు పాత పత్రాల్లో ఉన్న రుజువు ఒక్కసారిదే, 1181ది. పేరు గుట్టది, కాపురం ఇంకెక్కడనో! 1208లో ఆయన కొడుకు, రాజు ఫిలిప్‌ను చంపేస్తే, గర్భంతో ఉన్న భార్య ఇరీన్ ఈ కోటకే చేరింది. ఇక్కడనే కన్నుమూసింది. 1268లో నేపుల్స్‌లో పదహారేండ్ల కొన్రాడిన్ తల నరికిన్రు. ఆ వంశం ఏలుబడి అట్ల ముగిసింది.

కోటకు మాత్రం అసలు ఏడు 1525. అప్పటి రైతులు దొరలకు, మఠాలకు వెట్టి చేసేటోళ్లు. అడవిలో కట్టె కొడితే తప్పు, వాగులో చేప పడితే తప్పు. ఆ మార్చిలో మెమ్మింగెన్ పట్నంలో 12 డిమాండ్లు రాసుకున్నరు. మా పాదిరిని మేమే ఎన్నుకుంటం, బానిసలుగ ఉండం, గుంజుకున్న ఊరుమ్మడి భూములు తిరిగి ఇయ్యాలె అన్నరు. అది అచ్చయి ఊరూరు తిరిగింది.

ఏప్రిల్ ఆఖరుకు రైతులు గుట్టెక్కి కోటను తగలబెట్టిన్రు. లోపల కాపలా ఉన్నది కొద్దిమందే. మే 12న బ్యోబ్లింగెన్ దగ్గర రైతుల దండు ఓడింది. ఆ తిరుగుబాటు మొత్తంలో చనిపోయినోళ్లు లక్ష దాకా ఉంటరని అంచనా.

రైతులు కోటను నాశనం చేసిన్రని ఒక్క వాక్యం రాసి ముగిస్తరు. కాల్చిన మాట నిజమే, దాన్ని నేను దాచను. కానీ నిప్పు దూలాలను కాలుస్తది, పైకప్పును కాలుస్తది. రాయిని గుట్ట దింపదు గదా! దింపించింది వుర్టెంబెర్గ్ డ్యూక్ క్రిస్టోఫ్. 1550ల నుంచి గ్యోపింగెన్‌లో కొత్త మహల్ కట్టుకుంటూ ఈ కోట రాళ్లను వాడుకున్నడు. కొంపలు కూల్చిన పేరు రైతులకు, రాయి దొరకు. ఇన్నేండ్లు చదివిన నాకు కూడా ఈ రెండో సగం ఆలస్యంగనే దొరికింది.

ఇయ్యాల గుట్ట మీదికి పోతే పునాది గోడలు తప్ప ఏం లేవు. కోట రాయి చూడాలంటే కిందికి దిగి గ్యోపింగెన్ పోవాలె. ఆ మహల్‌లో ఇప్పుడు కోర్టు నడుస్తున్నది.